మిల్లీమీటర్ల లెక్కతో గొంతుకు దారి

1952లో హెల్సింకీ ఒలింపిక్స్‌లో బరువులెత్తి స్వర్ణం గెలిచిన అమెరికన్ పీటర్ జార్జ్, తరవాతి జీవితంలో హవాయిలో పళ్ల డాక్టరుగా పేరు తెచ్చుకున్నారు. అంతంత బరువులెత్తిన ఆ చేతులే 1980ల్లో నోట్లో పట్టేంత చిన్న పరికరాన్ని తయారుచేశాయి. రాత్రి దాన్ని పెట్టుకుని పడుకుంటే కింది దవడ కాస్త ముందుకొచ్చి, తెల్లవారేదాకా అక్కడే నిలబడుతుంది.

దవడ కదిలితే ఊపిరికేం లాభం? నాలుకను ముందుకు లాగే కండరం కింది దవడ లోపలి ఎముకను పట్టుకుని ఉంటుంది. నిద్రలో కండరాలు సడలినప్పుడు కొందరికి నాలుక వెనక్కి జారి, గొంతు మూసుకుపోతుంది. అలా పది సెకన్లు, అంతకు మించి గాలి ఆగడమే స్లీప్ ఆప్నియా. గంటకు ముప్పైసార్లకు మించి ఊపిరి ఆగినా, బాగా తగ్గినా జబ్బు తీవ్రంగా ఉన్నట్టు. దవడను ముందుకు తెస్తే దానితోపాటు నాలుకా వస్తుంది. స్పృహ లేని రోగికి మత్తు డాక్టర్లు చేతులతో చేసే పని ఇదే. ఫ్రాన్సులో పియర్ రోబాఁ కూడా, చిన్న దవడతో పుట్టి నాలుక వెనక్కి పడిపోయే పిల్లల కోసం 20వ శతాబ్దం తొలినాళ్లలోనే ఈ దారి పట్టారు.

చిక్కంతా ఎంత ముందుకు అన్న దగ్గరే. తక్కువైతే గొంతు తెరుచుకోదు. ఎక్కువైతే దవడ కీళ్లు నొప్పెడతాయి, పళ్లు కదులుతాయి. ఇందుకోసం జార్జ్ ఒక కొలబద్ద కూడా తయారుచేశారు. దాని పేరే జార్జ్ గేజ్. దవడ పూర్తిగా వెనక్కి వెళ్లిన చోటు నుంచి పూర్తిగా ముందుకు వచ్చే చోటు దాకా ఎన్ని మిల్లీమీటర్లో అది చూపిస్తుంది. ఆ దూరం 12 మిల్లీమీటర్లనుకుందాం. మామూలుగా సగం దగ్గరో, మూడింట రెండొంతుల దగ్గరో, అంటే 6 నుంచి 8 మధ్యలో మొదలుపెడతారు.

మొదట్లో పరికరాలు ఒకే ముద్దగా ఉండేవి. కొలత తప్పితే మళ్లీ కొత్తది చేయించుకోవాల్సిందే. పైభాగం, కిందిభాగం విడివిడిగా చేసి మధ్యలో స్క్రూనో పట్టీనో పెట్టాక కథ మారింది. నా దృష్టిలో ఈ పరికరం చరిత్రలో అసలు మలుపు ఆ స్క్రూయే. పావో అరో మిల్లీమీటరు జరిపి, కొన్ని రాత్రులు పడుకుని, గురక తగ్గిందా, పగటి మత్తు వదిలిందా అని చూసుకుని మళ్లీ జరుపుతారు. పొద్దున్నే దవడ పట్టేస్తే ఒక అడుగు వెనక్కి వేస్తారు. ఈ సర్దుబాటుకు వారాలు పడుతుంది, ఒక్కోసారి నెలలు కూడా.

ముక్కుకు మాస్కు పెట్టి గాలి పంపే సీప్యాప్ యంత్రం ఆప్నియాను ఈ దవడ పరికరం కన్నా గట్టిగా అదుపు చేస్తుంది. కానీ ఆ మాస్కుతో నిద్రపట్టక మూలన పెట్టేసేవాళ్లు ఎందరో. వాళ్లకు ఇది నిజమైన ఆసరా.

ఒక్క మాట మాత్రం గుర్తుంచుకోండి. గురక ఆగినంత మాత్రాన ఊపిరి ఆగడం మానిందని కాదు. సర్దుబాటు పూర్తయ్యాక, పరికరం నోట్లో ఉంచుకునే మరోసారి స్లీప్ టెస్ట్ చేయించుకోండి.