క్లాసుకో వైఫై పెట్టె పెడితే సరిపోతుందా?



"ఇంత ఫీజు కడుతున్నాం, ప్రతి క్లాసులో ఒక వైఫై పెట్టించవచ్చు కదా?" అని పేరెంట్స్ మీటింగుల్లో చాలామంది అడుగుతుంటారు. న్యాయమైన ప్రశ్నే. ట్యాబ్‌లో పరీక్ష రాస్తుండగా పేజీ ఆగిపోతే నష్టపోయేది పిల్లలే. కానీ పెట్టెల సంఖ్య పెంచినంత మాత్రాన వైఫై బాగుపడదు. ఒక్కోసారి ఇంకా పాడవుతుంది కూడా.

ఎందుకలా?

గోడకో, సీలింగుకో బిగించే వైఫై పెట్టెను యాక్సెస్ పాయింట్ అంటారు. అది ఏదో ఒక ఛానల్ మీద పనిచేస్తుంది. ఒక ఛానల్‌లో ఒక సమయంలో ఒక పరికరమే మాట్లాడాలి, మిగతావి ఆగాలి. పక్కపక్క గదుల్లో రెండు యాక్సెస్ పాయింట్లు ఒకే ఛానల్‌లో ఉంటే, రెండు క్లాసుల పిల్లలూ ఒకే క్యూలో నిలబడినట్టే. ఫోన్‌లో సిగ్నల్ గీతలు నిండుగా కనిపిస్తాయి, పేజీ మాత్రం తెరుచుకోదు.

2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో మన దేశంలో 1 నుంచి 13 వరకు ఛానళ్లున్నాయి. కానీ వాటి మధ్య ఎడం 5 మెగాహెర్ట్జే. వైఫైకి కావలసిన వెడల్పు సుమారు 20. అందుకే ఒకదానిమీద ఒకటి పడకుండా సాధారణంగా వాడేవి 1, 6, 11 మాత్రమే. ఒకటి 1లో, ఇంకొకటి 3లో పెడితే మరీ చేటు. ఒకే ఛానల్‌లో ఉంటే కనీసం వంతులు వేసుకుంటాయి. ఇక్కడ ఒకదాని మాట మరొకదానికి వట్టి రొదగా వినిపించి, రెండూ చెడతాయి.

5 గిగాహెర్ట్జ్‌లో ఛానళ్లు ఎక్కువ. ఆ సిగ్నల్ గోడలు దాటేసరికి బాగా తగ్గిపోతుంది. ఇంట్లో అది లోటే. గదికో క్లాసు నడిచే స్కూల్లో మాత్రం అదే మేలు.

ఎక్కడ, ఎలా పెట్టాలి?

• ముందు భవనమంతా తిరిగి, తలుపులు మూసి, గదిగదికీ సిగ్నల్ కొలవాలి.
• వరండాలో వరసగా బిగిస్తే అన్నీ ఒకదానికొకటి వినిపిస్తాయి. గదుల్లో పెడితే గోడలే అడ్డుగా నిలుస్తాయి.
• స్లాబ్ సిగ్నల్‌ను పూర్తిగా ఆపదు. కింది గదిలో 1 ఉంటే, సరిగ్గా దాని పై గదిలో 6 గాని 11 గాని ఉండాలి.
• పవర్ పూర్తిగా పెంచకూడదు. పెట్టె మాట దూరంగా ఉన్న ట్యాబ్‌కు చేరినా, ట్యాబ్ జవాబు వెనక్కి చేరదు. పైగా పక్క గదులకు అడ్డం.
• ఇనుప బీరువాలు, లిఫ్టు, నీళ్ల ట్యాంకుల పక్కన పెట్టకూడదు.

కాబట్టి ఏ స్కూల్లోనైనా "ఎన్ని పెట్టారు?" అనే కంటే "సర్వే చేశారా? ఏ గదికి ఏ ఛానల్ ఇచ్చారు?" అని అడగండి. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సిన బాధ్యత స్కూలుదే.

మీరు చేయగలిగింది

స్కూలుకు వచ్చేటప్పుడు మీ ఫోన్ హాట్‌స్పాట్ ఆపేయండి. పిల్లల బ్యాగులో డాంగిల్ పంపకండి. అవి కూడా చిన్న సైజు యాక్సెస్ పాయింట్లే. మన ఛానల్ ప్లాన్‌లో లేనివి.

అపార్టుమెంట్లలో ఉండేవారికీ ఇదే ఇబ్బంది. రౌటర్‌ను టీవీ వెనక దాచకుండా, కాస్త ఎత్తులో, ఇంటి మధ్యగా ఉంచండి. మైక్రోవేవ్ ఓవెన్ కూడా 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరే పనిచేస్తుంది కాబట్టి వంటింట్లో వద్దు. పిల్లల ఆన్‌లైన్ క్లాసుకు 5 గిగాహెర్ట్జ్ కనెక్షన్ ఎంచుకోండి.

స్కూల్లో వైఫై ఆగిపోయిందని మీ అబ్బాయి గాని అమ్మాయి గాని చెబితే, ఏ గదిలో, ఏ రోజు, ఎన్ని గంటలకు అన్నది డైరీలో రాసి పంపండి. ఛానళ్ల గొడవ వచ్చిపోతూ ఉంటుంది. ఆ మూడు వివరాలుంటే దాన్ని పట్టుకోవడం తేలిక.