నమూనా ఆవిరి ఇంజనులో ధ్వని సెన్సర్ల అనుసంధానం - ఒక వివరణ

1. ఉపోద్ఘాతం:

రైలు అనగానే తెలుగులో స్ఫురించే ధ్వన్యనుకరణ పదం ‘ఛుక్‌ఛుక్’. ఆవిరి ఇంజన్లు నిత్యప్రయాణం నుండి తొలగిపోయినా ఆ పదం నిలిచింది. అయితే ఆ శబ్దం ఎప్పుడు, ఎన్నిసార్లు పుట్టాలన్నది ఇంజను నిర్మాణాన్ని బట్టి ఉంటుంది. డిజిటల్ కమాండ్ కంట్రోల్ పద్ధతిలో నడిచే నమూనా ఇంజన్లలో ఈ లెక్క తప్పకుండా ఉండటానికి ఇరుసు దగ్గర సెన్సర్‌ను అమరుస్తారు. దాని తీగలను కలపడం స్వల్ప విషయంగానే కనిపిస్తుంది. కానీ ఒక్క తీగ తప్పు చోట చేరితే ఖరీదైన డీకోడరు కాలిపోగలదు.

2. చక్రభ్రమణం - శబ్దసంఖ్య:

సిలిండరులోని పిస్టనును ఆవిరి రెండు వైపుల నుండీ నెడుతుంది. కనుక చక్రం ఒకసారి తిరిగేలోపు ప్రతి సిలిండరూ రెండుసార్లు వాడిన ఆవిరిని పొగగొట్టం గుండా విడుస్తుంది. రెండు సిలిండర్ల ఇంజనుకు నాలుగు శబ్దాలు. 1923లో ఇంగ్లాండులో నిర్మితమైన ‘ఫ్లయింగ్ స్కాట్స్‌మన్’కు సిలిండర్లు మూడు, శబ్దాలు ఆరు. సిలిండర్ల సంఖ్యను రెండుతో గుణిస్తే చాలునని మాత్రం భావించరాదు. నాలుగు సిలిండర్లున్న ఇంజన్లలో చాలావాటికి శబ్దాలు జంటలుగా కలిసిపోయి నాలుగే వినిపిస్తాయి. క్రాంకుల కోణం భిన్నంగా ఉన్న ‘లార్డ్ నెల్సన్’ తరగతిలో ఎనిమిది వినిపించేవి.

ఫ్లయింగ్ స్కాట్స్‌మన్ చోదక చక్రం వ్యాసం 2,032 మి.మీ. బ్రిటనులో ప్రచారంలో ఉన్న 1:76 నిష్పత్తిలో అది దాదాపు 26.7 మి.మీ., చుట్టుకొలత 84 మి.మీ. అంటే నమూనా ప్రతి 14 మి.మీ. కదలికకూ ఒక శబ్దం రావాలి. సెన్సర్ లేనప్పుడు డీకోడరు మోటారు వేగాన్ని బట్టి ఈ వ్యవధిని అంచనా వేస్తుంది. వేగంలో ఉన్నప్పుడు తేడా చెవికి అందదు. ఇంజను బయలుదేరే మొదటి రెండు మూడు చుట్లలోనే చిక్కంతా. కనెక్టింగ్ రాడ్ల కదలిక కంటికి స్పష్టంగా కనిపిస్తుంటే శబ్దం ముందో వెనుకో పడుతుంది.

చోదక ఇరుసుపై సమదూరంలో ఆరు అయస్కాంతాలను అమర్చడానికి చోటు చాలక కొందరు టెండరు ఇరుసును ఎంచుకుంటారు. టెండరు చక్రం వ్యాసం చోదక చక్రంలో ఎనిమిదింట ఐదు వంతులైతే, దాని ఒక్క చుట్టుకు 3.75 శబ్దాలు కావాలి. ముప్పావు అయస్కాంతం అంటూ ఉండదు కదా! చోదక ఇరుసే యుక్తం.

3. తీగల అనుసంధానం:

రీడ్ స్విచ్‌లో, గాజుగొట్టంలోని రెండు లోహపు రేకులు అయస్కాంతం సమీపించగానే కలుస్తాయి. దీనికి తీగలు రెండే. ఒకటి డీకోడరులోని సెన్సర్ ఇన్‌పుట్‌కు, మరొకటి డీకోడరు గ్రౌండుకు చేరాలి. హాల్ సెన్సర్‌కు విద్యుత్తునందించే మూడవ తీగ కూడా అవసరం. అంతేకాక, అయస్కాంతాల ధ్రువాలను మార్చి మార్చి పెట్టవలసిన లాచింగ్ రకాన్ని తీసుకుంటే ఆరు అయస్కాంతాలకు మూడు సంకేతాలే వస్తాయి.

‘గ్రౌండు’ అన్న మాటే ఇక్కడ పెడదోవ పట్టిస్తుంది. పట్టాయే గ్రౌండు అనిపించడం సహజం. కానీ ఈ పద్ధతిలో పట్టాల మీద ప్రవహించేది దిశ మారుతూ ఉండే విద్యుత్తు. ‘1’ అనే బిట్టులో ఒక్కో సగం 58 మైక్రోసెకండ్లే. ఏ పట్టా కూడా స్థిరమైన ఋణధ్రువం కాదు. డీకోడరులోని రెక్టిఫయర్ ఆ విద్యుత్తును ఏకముఖం చేశాక ఏర్పడే ఋణబిందువే గ్రౌండు. దానిని పట్టాకు కలిపితే, ఆ పట్టా ధనధ్రువమైన ప్రతిసారీ విద్యుత్తు మోటారు జోలికి పోకుండా ఒకే డయోడు గుండా రెండవ పట్టాకు దూకుతుంది. ఇత్తడి నమూనాలలో ఇంజను చట్రమే ఒక పట్టాతో సంబంధం కలిగి ఉండటం సాధారణం. కనుక ఇరుసు లోహాన్నే స్విచ్చులో భాగంగా వాడే పాత పద్ధతి వాటికి పనికిరాదు.

తీగలను డీకోడరుకు కలపకముందే సెన్సర్‌కూ చక్రాలకూ మధ్య విద్యుత్ సంబంధం లేదని మల్టీమీటరుతో నిర్ధారించుకోవాలి. వర్మ్ గేరు ఉన్న ఇంజనులో చక్రాన్ని వేలితో తిప్పలేము, మోటారు ఇరుసునే తిప్పాలి. చక్రం ఒక చుట్టు పూర్తయ్యేసరికి రీడ్ స్విచ్ ఆరుసార్లు కలవాలి. లెక్క అంతకు మించితే ఒకే అయస్కాంతానికి రేకులు రెండుసార్లు కలుస్తున్నాయన్నమాట. గాజుగొట్టం దిశను కొద్దిగా మార్చి మళ్ళీ లెక్కించాలి.