యూరోకే ఇల్లు... కానీ!

యూరో అంటే మన డబ్బుల్లో సుమారు వంద రూపాయలు. హోటల్లో టిఫిను ఖర్చు! ఆ డబ్బుకే ఇల్లిస్తామంటే ఎవరు మాత్రం ఆగుతారు? ఇటలీలోని సిసిలీ దీవిలో సంబూకా అనే చిన్న ఊరు 2019లో అలాగే పదహారు పాత ఇళ్లను వేలానికి పెట్టింది. ప్రారంభ ధర ఒక్క యూరో. దేశదేశాల నుంచీ జనం ఎగబడ్డారు. పోటీలో ధర వేల యూరోలకు చేరింది.

అంత చవగ్గా ఎందుకంటారా? యువతరం ఉద్యోగాల కోసం నగరాలకీ విదేశాలకీ వెళ్లిపోయింది. పెద్దవాళ్లు పోయాక ఇళ్లకు తాళాలే మిగిలాయి.

అయితే అసలు ఖర్చంతా కొన్నాకే మొదలవుతుంది. మూడేళ్లలో ఇంటిని బాగుచేసుకోవాలి. అందుకు హామీగా 5,000 యూరోలు డిపాజిట్ కట్టాలి. గడువు దాటితే ఆ సొమ్ము వదులుకోవాల్సిందే. కూలిన పైకప్పు, కరెంటు, నీళ్ల పైపులు, రిజిస్ట్రేషన్... అన్నీ కొన్నవాళ్ల నెత్తినే.

ఊరికి మాత్రం లాభమే. వేలం పుణ్యమా అని అక్కడి వేరే ఇళ్లూ అమ్ముడుపోయాయి, మేస్త్రీలకు పని దొరికింది. ఇక కొత్త యజమానులు సెలవులకు వచ్చిపోకుండా అక్కడే కాపురం పెడితేనే ఆ వీధులు మళ్లీ కళకళలాడేది!