కథ కట్టువాని పగలు, కథ చెప్పువాని రాత్రి

బుర్రకథ అనగానే శ్రోతలకు రాత్రి జ్ఞప్తికి వచ్చును. పందిరి క్రింద కథకుడు భుజమున తంబురా, వ్రేళ్లకు అందెలు ధరించి నిలుచును. ఇరువైపుల ఇద్దరు వంతలు డక్కీలు వాయించుచు అతని మాటకు మాట కలుపుదురు. తెల్లవారుజామున జనము లేచి దుప్పట్లు దులుపుకొని ఇండ్లకు పోవుదురు. అంతటితో కథ ముగిసినదని తలంచుట సహజము. కాని ఆ రాత్రికి వెనుక అనేకములైన పగళ్లు కలవు. కథలను తామే కట్టి, తామే పాడి, దానితోనే సంసారము నడుపుకొను మాబోటివారి పగళ్లెట్టివో, పాటను గూర్చి మా తలపులెట్టివో ఇచ్చట విన్నవింతుము.

తంబురా క్రింది గుండ్రని భాగమును బుర్ర అందురు. దానిని బట్టియే ఈ కథకా పేరు వచ్చినది. ఒకప్పుడు జంగము కథగా ఊరూర తిరిగిన ఈ కళ, స్వాతంత్ర్య పోరాట దినములలో నూతనరూపము తాల్చి రాజకీయ సభలకు ఎక్కినది. అప్పటి మద్రాసు ప్రభుత్వమును, నిజాము ప్రభుత్వమును దీనిని నిషేధించిన సంగతి పెద్దలకు తెలిసినదే. రెండు ప్రభుత్వములు భయపడిన వాద్యము సొరబుర్రంత తేలికయైనది! భయము వాద్యమును చూచి కాదు. నిన్న జరిగినదానిని నేడు పాటగా కట్టి రేపటికి నాలుగూళ్లలో వినిపింపగల ఆ శక్తిని చూచి.

ఆ శక్తికి మా ప్రాంతమున కొలబద్ద షేక్ నాజర్ గారు. వారు 1920లో గుంటూరు జిల్లా తాడికొండ సమీపమున పొన్నెకల్లు గ్రామమున, దూదేకుల కుటుంబమున జన్మించిరి. ప్రజానాట్యమండలిలో చేరి బుర్రకథకు ఆటను, అభినయమును, సంగీతమును సమపాళ్లలో కూర్చిరి. పల్నాటి యుద్ధము, బొబ్బిలి యుద్ధము వంటి పాతగాథలనే కాక, 1943 నాటి బెంగాలు కరవును గూడ కథగా చెప్పిరి. ‘పుట్టిల్లు’ (1953), ‘అగ్గిరాముడు’ (1954) చిత్రములలో వారి బుర్రకథను దేశమంతట చూచినారు. 1986లో పద్మశ్రీ పురస్కారము లభించినది. 1997లో పరమపదించిరి. తమ జీవితకథను అంగడాల వెంకటరమణమూర్తి గారికి చెప్పి వ్రాయించిరి. దాని పేరు ‘పింజారి’. కులమును ఎత్తి పొడుచుటకు లోకము వాడిన మాటను వారు గ్రంథమునకు శిరోనామముగా నిలిపిరి.

దూదేకువాడు విల్లు నారిని మీటి, గట్టిపడిన పత్తిని పింజ పింజగా విడదీయును. కథ కట్టుటయు దాదాపు అట్టిదే. ఊరిలో ఒక సంగతి ముడిపడి, ముద్దయై ఉండును. దానిని ఏకి, తేలికపరచి, చెవికి పట్టునట్లు చేయవలెను. ఎక్కువ ఏకినచో దూది గాలికి ఎగిరిపోవును. తక్కువ ఏకినచో గింజ పంటికి తగులును.

మా సంవత్సరము ఈ నల్లరేగడి నేలల సంవత్సరమే. శ్రావణ భాద్రపదములలో మిరపనారు పొలములో పడును. పత్తిచేలలో కలుపు తీయుదురు. అప్పుడు రైతునకు తీరిక లేదు, చేతిలో డబ్బు లేదు. మాకును వినాయకచవితి, దసరా పందిళ్లు తప్ప పిలుపులుండవు. కార్తీకమున కారెంపూడిలో పల్నాటి వీరుల ఉత్సవము జరుగును. అచ్చట వీరవిద్యావంతులు తరతరములుగా ఆ గాథను పాడుచున్నారు; మేము పోయి వినివత్తుము. పత్తి ఇల్లు చేరి, మిరప కోతలు సాగిన పిదప మాకు బయానాలు వచ్చును. సంక్రాంతి, కోటప్పకొండ తిరునాళ్లు, శ్రీరామనవమి మా పంటకాలము. వేసవి గడచి తొలకరి పడగానే తంబురా మరల గోడకెక్కును. ఆ ఖాళీ నెలలలో ఒకరు దర్జీపని చేయుదురు, మరియొకరు కౌలుచేను చూచుకొందురు, ఇంకొకరు పిల్లలకు సంగీతము చెప్పుదురు. క్రొత్త కథలు కట్టునది అప్పుడే.

కథను ఎట్లు కట్టుదురని మమ్ము అడుగువారు కలరు. మా కొలత మాత్ర. హ్రస్వాక్షరమునకు ఒకటి, దీర్ఘమునకు రెండు. మూడేసి మాత్రల నడకను ప్రాచీనులు తురగవల్గనమనిరి. అది గుర్రపు గంతు. మూడును నాలుగును కలిసి ఏడేసి మాత్రలుగా సాగునది వృషభగతి. అది ఎద్దు నడక. అయిదేసి మాత్రలది ద్విరదగతి, అనగా ఏనుగు నడక. ఈ రగడల పేర్లు గ్రంథములలో చదివినవారికి అలంకారములుగా తోచవచ్చును. పాడువానికి మాత్రము అవి నిత్యోపయోగములు. సేనలు తలపడు చోట గుర్రమును తోలుదుము. మాంచాల బాలచంద్రుని యుద్ధమునకు సాగనంపు చోట గుర్రము పనికిరాదు. ఎద్దునడకనో, ద్విపదనో ఆశ్రయింతుము.

ఇతరులు పాడుటకై వ్రాయుటకును, తానే పాడుటకై వ్రాసికొనుటకును భేదమున్నది. మొదటివాడు తప్పును కాగితముమీద చూచును. రెండవవాడు దానిని తన ఊపిరిలో చూచును. కథకుడు నిలిచి పాడడు. ముందు వెనుకలకు అడుగులు వేయుచు పాడును. కావున ఆట ఉన్న చరణములో దీర్ఘసమాసము పెట్టినచో మూడవ అడుగునకే రొప్పు వచ్చును. చరణము చివర దీర్ఘము నిలిపినచో వంతలు దానిని అందుకొని ‘తందాన’ అనుటకు వీలు కలుగును. ఆ నాలుగు క్షణములలో కథకుడు గాలి పీల్చుకొనును. పాట నడుమ వచనము వచ్చునది కథను విప్పి చెప్పుటకు మాత్రమే కాదు, గొంతునకు విశ్రాంతి కొరకు కూడ. హాస్యపు వంత ఏదో కొంటెప్రశ్న వేయును, జనము నవ్వుదురు. కథకుడు ఆ నవ్వులో రెండు గుక్కల వేడినీరు త్రాగును. వినువారికి రసపోషణముగా తోచునది పలుమారులు మా బ్రతుకుతెరువు.

2016లో బాబ్ డిలన్ అను అమెరికా దేశపు గాయకునకు సాహిత్యమున నోబెల్ బహుమానము వచ్చినప్పుడు, పాడెడి పాట సాహిత్యమగునా అని లోకమంతట చర్చ జరిగినది. మా పల్లెలలో ఈ సందేహము ఎవరికిని రాదు. ఇచ్చట పరీక్ష వేరు. కట్టిన వరుసను ఇంటిలో పదిసార్లు అనుకొందుము. వంట చేసికొనుచున్న ఇల్లాలు తనకు తెలియకుండ దానిని కూనిరాగము తీసినచో ఆ చరణము నిలిచినట్లు. తీయకున్నచో ఎంత మంచి మాటలున్నను దానిని కొట్టివేయుదుము. మిరపచేనిలో కలుపు తీయు స్త్రీల పాటలే మాకు మొదటి పాఠశాల. చేయి కదలుటకు అడ్డుతగలని పాట మాత్రమే ఆ చేనిలో బ్రతుకును.

ఇక రాత్రి సంగతి. పిలిచినవారి అభిమానము మా గొంతునకు మొదటి గండము. కథకు ముందు విందు పెట్టుదురు. గోంగూర పచ్చడి, మిరపకాయ బజ్జీలు, గడ్డపెరుగు! వలదన్నచో గృహిణి మనసు నొచ్చును. తిన్నచో అర్ధరాత్రికి గొంతు జీరపోవును. మిరియాలు, పటికబెల్లము, అతిమధురము మా సంచిలో ఎప్పుడును ఉండును. రెండవ గండము మిరపకల్లము. ఫాల్గుణ చైత్రములలో ఊరి చుట్టు ఎఱ్ఱతివాచీ పరచినట్లు మిరపకాయలు ఎండుచుండును. చూచుటకు కన్నులపండువు, గాలి తిరిగినచో ఆ ఘాటునకు వీరరసము దగ్గుగా మారును. అందుచే పందిరి ఎచ్చటనో అడుగుటకు ముందే, గాలి ఎటు వీచునో అడుగుట మాకలవాటు.

మూడవది చదివింపులు. బాలచంద్రుడు రణరంగమున ఒరుగుచుండగా ఒక పెద్దమనిషి లేచి పదిరూపాయలు అందించును. వెంటనే కథ ఆపి ఆయన పేరు, తండ్రి పేరు, ఊరి పేరు చెప్పవలెను. చెప్పకున్నచో కోపము, చెప్పినచో మరి నలుగురు లేతురు. బాలచంద్రుడు పాపము అంతవరకు ఒరగకుండ వేచియుండవలసినదే. దీనిని మేము చులకన చేయుట లేదు. ఆ పదిరూపాయలు మూడు కుటుంబములకు పంచుకొనవలసినవి. ఒప్పుకొన్న సొమ్ములో దారిఖర్చులు పోవును, డక్కీకి చర్మము మార్పించుటకు పోవును. ఒక్కొక్కచోట వాన పడి కథ సగములో నిలిచినచో సొమ్మును సగమే ఇత్తురు. ఎట్లయినను రాత్రి పాడినందుకు ఎంతో కొంత కూలి కలదు. పగలు కట్టినందుకు లేదు. రెండు నెలలు శ్రమించి కట్టిన కథకును, పెద్దలనుండి నేర్చిన పాతకథకును పందిటిలో ఒకటే ధర.

రేడియో ఈ విషయమున మాకు ఒక మేలు చేసినది. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రము ప్రారంభమైన తరువాత మా ప్రాంతపు గొంతులు ఆకాశమార్గమున వినవచ్చినవి. తెల్లవార్లు సాగు కథను అరగంటకు కుదించుట కథ కట్టువానికి కఠినమైన శిక్షణ. స్టూడియోలో అడుగుల గజ్జెలు కనబడవు, చేయి విసరుట కనబడదు, ఎదుట జనము లేరు. అభినయమంతయు కంఠములోనికి రావలెను. హాస్యమునకు ఎవరును నవ్వరు. ఎఱ్ఱదీపము మాత్రము చూచుచుండును. అయినను ఒకటి గమనింపుడు: పందిటిలో దాతల పేర్లు చదువుదురు, రేడియోలో రచయిత పేరు చదువుదురు. తన పేరు వెనుక ‘రచన’ అను మాటను కథ కట్టువాడు తొలిసారి వినునది అచ్చటనే.

పాట ఎవరి సొత్తు అను ప్రశ్న ఇచ్చట పుట్టును. చట్టము లేకపోలేదు. 1957 కాపీరైటు చట్టము వ్రాసినవానికి హక్కు ఇచ్చినది; 1994 సవరణ పాడువానికి, ఆడువానికి ప్రదర్శకుల హక్కు ఇచ్చినది; 2012 సవరణ చలనచిత్రములలో పాట వ్రాసినవారికిని బాణీ కట్టినవారికిని రాబడిలో వదలుకొనరాని భాగము కల్పించినది. కాని తిరునాళ్ల పందిటికి చట్టము నడచి వచ్చుట అరుదు. మేము కట్టిన కథను పొరుగూరి దళము మా పేరు లేకుండ పాడుచున్నదని తెలిసినప్పుడు మాలో రెండు భావములు ఒక్కమారే కలుగును. ఒకటి కడుపుమంట, రెండవది, సిగ్గు విడిచి చెప్పవలెనన్నచో, సంతోషము. పాట కాళ్లు తెచ్చుకొని తానే నడచినదన్న సంతోషము! ఈ రెంటిలో ఏది న్యాయమో నేటికిని మేము తేల్చుకొనలేదు. పేరు చెప్పి పాడినచో మాత్రము మొదటి భావము చల్లారును.

ఇంతకన్న బరువైన ప్రశ్న మరొకటి కలదు. 1987-88లో గుంటూరు, ప్రకాశము జిల్లాలలో పురుగు తాకిడికి పత్తిపంట నాశనమై, అప్పులలో మునిగిన రైతులు పలువురు ప్రాణములు తీసికొనిరి. అటువంటి వార్తలు ఆ ఒక్క ఏటితో ఆగలేదు. బెంగాలు కరవును నాజర్ గారు పాడినట్లు, దీనిని మేము పాడవలదా? పాడవలెను. ఎట్లు? బాలచంద్రుని మరణమును ఎనిమిది వందల ఏండ్ల దూరమునుండి పాడుదుము. ఈ మరణమునకు ఆ దూరము లేదు. పందిటిలో ముందువరుసన ఆ ఇంటివారే కూర్చుండవచ్చును. వీరునివలె కీర్తించినచో కష్టములోనున్న మరియొక రైతునకు తప్పుదారి చూపినట్లగును, నిందించినచో పాపము. అందుచే మావంటివారము కొన్ని కట్టుబాట్లు పెట్టుకొంటిమి. చనిపోయినవానిపై హాస్యము సాగరాదు. హాస్యపు వంతకు కల్తీవిత్తనము అమ్మిన వర్తకుని మాటలు ఇత్తుము. మరణమునకు తురగవల్గనము వాడము. దానిని వచనమున రెండు మాటలలో చెప్పి ముందునకు సాగుదుము. కథ అచ్చట ముగియదు. మరునాడు చేనికి పోయి, అప్పుపత్రము చదివించుకొని, ఊరివారిని కూడగట్టుకొను ఇల్లాలితో ముగియును.

ఇట్టి కథలను పిలిచి వినువారు తక్కువ. ఉత్సవమునకు పల్నాటి యుద్ధమునో, బొబ్బిలి యుద్ధమునో కోరుదురు. అవి మాకును ప్రాణసమానములే. కాని పాతకథలను మాత్రమే చెప్పు కథకుడు క్రమముగా కట్టుట మరచును. నేర్చుకొన వచ్చు పిల్లలును రికార్డు విని గొంతు అనుకరించుచున్నారు. మాత్రల లెక్క అడుగువారు పదిమందిలో ఒకరు. పాడుట మిగిలి కట్టుట నశించినచో, బుర్రకథ నిన్నటిని మాత్రమే చెప్పగలదు. నేటి కష్టము పాట లేక మిగిలిపోవును.

కావున శ్రోతలకు మా మనవి చిన్నది. మీ ఊరికి దళమును పిలిచినప్పుడు రాత్రియంతయు మీరు కోరిన పాతకథనే వినుడు. అందులో ఒక్క గంట మాత్రము ఆ దళము తానే కట్టిన క్రొత్తకథకు విడువుడు. అది ఎవరు కట్టినదో అడుగుడు. ఆ పేరును చదివింపుల పేర్లతో పాటు ఒక్కమారు మైకులో చెప్పింపుడు. దానికి ఖర్చులేదు. మరుసటి తొలకరికి ఆ మనిషి మరల కాగితము తీసి కూర్చుండుటకు అది చాలును.