తెరుచుకోగానే ఆగిపోయే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్

పాట రికార్డు చేసే సాఫ్ట్‌వేర్ తెరవబోయిన ప్రతిసారీ ఒకే చోట ఒకే ఎర్రర్ చూపి ఆగిపోతున్నదంటే, ఆ లోపం ప్రోగ్రాములో కన్నా, అది తెరుచుకునేటప్పుడు చదువుకునే ఏదో ఒక ఫైలులోనో, వెతుక్కునే ఏదో ఒక పరికరంలోనో ఉండే అవకాశమే ఎక్కువ. ఒకసారి వచ్చి మళ్లీ కనబడని ఎర్రర్‌కు కారణం చెప్పడం కష్టమే గాని, రోజూ వచ్చే ఎర్రర్‌కు మాత్రం కంప్యూటర్‌లో నిలిచి ఉన్న కారణం ఏదో ఒకటి ఉంటుంది. దానిని వెతకకుండా ప్రోగ్రామును తీసివేసి తిరిగి ఇన్‌స్టాల్ చేసినవారికి మరునాడు మళ్లీ అదే సందేశం ఎదురుకావడం అందువల్లనే.

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాలకు ఈ విషయం మామూలు సాంకేతిక సమస్య కన్నా కొంత పెద్దది. 1846లో కుంఫిణీ ప్రభుత్వంపై తిరగబడి, 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఉరికంబం ఎక్కిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కథ ఈ నేల మీద జానపదుల గొంతుల్లో పాటగా నిలిచింది. కనుమ నాడు అహోబిలం నుంచి బయలుదేరే నరసింహస్వామి పల్లకి ఆళ్లగడ్డ చుట్టుపక్కల పల్లెల్లో సుమారు 40 రోజులు తిరిగే పారువేట ఉత్సవం నేటికీ సాగుతున్నది. ఇటువంటి సందర్భాల్లో పాడే పాటలు, భజన కీర్తనలు తెలిసిన పెద్దల గొంతును పదిలపరచడానికి ఇప్పుడు నగరంలోని స్టూడియోకే వెళ్లనక్కరలేదు. ఒక ల్యాప్‌టాప్, ఒక మైకు, ఉచితంగా దొరికే ఒక ప్రోగ్రాము ఉంటే ఊళ్లోనే పని జరుగుతుంది. అయితే పాడేవారు వచ్చి కూర్చున్న వేళకు ప్రోగ్రాము తెరుచుకోకపోతే ఆ పాట ఆ పూటకు దక్కదు, వయసు మీరిన గాయకుల విషయంలో మరో పూట దొరుకుతుందన్న భరోసా కూడా ఉండదు.

ఇటువంటి పనికి ఎక్కువమంది వాడే ఆడాసిటీ అనే ప్రోగ్రామును 1999లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో డొమినిక్ మజ్జోని, రోజర్ డానెన్‌బర్గ్ ప్రారంభించారు. 2000లో అది అందరికీ అందుబాటులోకి వచ్చింది. ఆడాసిటీ అయినా, రీపర్, క్యూబేస్ వంటి ఇతర రికార్డింగ్ ప్రోగ్రాములైనా, తెరుచుకునేటప్పుడు చేసే పనుల్లో పెద్ద తేడా లేదు. తనకు కావలసిన సిస్టమ్ ఫైళ్లు ఉన్నాయో లేదో చూసుకోవడం, గతంలో వాడుకరి చేసిన సెట్టింగులను చదవడం, రికార్డింగును తాత్కాలికంగా దాచే ఫోల్డర్‌ను సిద్ధం చేసుకోవడం, మైకులు స్పీకర్లు ఏవేవి ఉన్నాయో విండోస్‌ను అడిగి తెలుసుకోవడం, ప్లగిన్లను, అంటే ధ్వనికి మెరుగులు దిద్దడానికి బయటి నుంచి చేర్చుకున్న చిన్న ప్రోగ్రాములను, ఒక్కొక్కటిగా పరీక్షించడం ఈ పనుల్లో ముఖ్యమైనవి. వీటిలో ఏ పని దగ్గర ప్రోగ్రాము ఆగిందో తెలిస్తే వెతకవలసిన చోటు తెలిసినట్టే.

కరెంటు పోయి కంప్యూటర్ ఉన్నపళంగా ఆగిపోయిన తరువాత ఎర్రర్ మొదలైతే ముందుగా అనుమానించవలసింది సెట్టింగుల ఫైలును. ప్రోగ్రాము ఆ ఫైలును రాస్తున్న క్షణంలో కరెంటు పోతే అది సగంలో చెడిపోవచ్చు. చెడిపోయిన ఆ ఫైలునే ప్రోగ్రాము ప్రతిసారీ చదవబోయి ఆగిపోతుంది. ఈ ఫైలు ప్రోగ్రాము ఉండే చోట కాక వాడుకరి పేరున ఉన్న ఫోల్డర్‌లో విడిగా ఉంటుంది గనుక, మామూలుగా అన్‌ఇన్‌స్టాల్ చేసినప్పుడు అది చెక్కు చెదరదు. విండోస్‌లో ఆడాసిటీ సెట్టింగులు యాప్‌డేటా అనే ఫోల్డర్‌లోని రోమింగ్ విభాగంలో ఉంటాయి. ప్రోగ్రామును మూసి, ఆ ఫైలు పేరు మార్చి మళ్లీ తెరిస్తే, పాత ఫైలు కనబడక ప్రోగ్రాము కొత్తది తయారు చేసుకుంటుంది. ఫైలును చెరిపివేయకుండా పేరు మాత్రమే మార్చడం మేలు, ఎందుకంటే లోపం అందులో లేదని తేలితే పాత సెట్టింగులను తిరిగి తెచ్చుకోవచ్చు. క్యూబేస్‌లో ఇదే పనికి, ప్రోగ్రాము తెరుచుకుంటున్నప్పుడు కంట్రోల్, షిఫ్ట్, ఆల్ట్ కీలను కలిపి నొక్కి పట్టుకుంటే సెట్టింగులను పక్కనబెట్టే ఎంపిక తెర మీదికి వస్తుంది.

తాత్కాలిక ఫోల్డర్ విషయంలో ఎంతో జాగ్రత్త అవసరం. ఫైళ్లను దాచుకోవడానికి సురక్షితమైన చోటు దొరకలేదని ఆడాసిటీ చెప్పిందంటే, డిస్కు నిండిపోయి ఉండాలి, ఆ ఫోల్డర్‌లో రాయడానికి అనుమతి లేకుండా పోయి ఉండాలి, లేదా కంప్యూటర్‌ను శుభ్రం చేసే ఏదో ప్రోగ్రాము ఆ ఫోల్డర్‌నే తుడిచిపెడుతూ ఉండాలి. సెకనుకు 44,100 నమూనాల చొప్పున, ఒక్కొక్క నమూనాకు 32 బిట్ల లెక్కన ఒకే మైకుతో గంటసేపు రికార్డు చేస్తే సుమారు 635 మెగాబైట్ల చోటు పడుతుంది గనుక, రాత్రంతా సాగే భజనను రికార్డు చేసిన పాత ల్యాప్‌టాప్‌లో డిస్కు నిండిపోవడంలో వింత లేదు. అయితే చోటు కోసమని ఆ ఫోల్డర్‌ను ఖాళీ చేయడం ప్రమాదకరం, ఎందుకంటే కరెంటు పోయినప్పుడు సేవ్ చేయకుండా మిగిలిపోయిన పాట అందులోనే ఉండవచ్చు. అటువంటి పాట ఉన్నప్పుడు ఆడాసిటీ మళ్లీ తెరుచుకోగానే దానిని తిరిగి పొందుతారా, వదిలివేస్తారా అని అడుగుతుంది. దీనిని కూడా ఒక ఎర్రర్‌గానే భావించి, తొందరలో వదిలివేసే మీటను నొక్కడం వల్ల జరిగే నష్టం ఏ ఇతర లోపం వల్లా జరగదు. ఏ మరమ్మతు మొదలుపెట్టినా, ముందు ఆ ఫోల్డర్ మొత్తాన్ని పెన్‌డ్రైవులోకి కాపీ చేసుకోవాలి.

ధ్వని పరికరాలను సిద్ధం చేయడంలో లోపం జరిగిందని సందేశం వస్తే అనుమానం డ్రైవర్ మీదికి మళ్లుతుంది. డ్రైవర్ అంటే విండోస్‌కూ పరికరానికీ మధ్య మాట కలిపే ప్రోగ్రాము. యుఎస్‌బీ మైకులు, బ్లూటూత్ హెడ్‌సెట్లు అన్నీ తీసివేసి ప్రోగ్రామును తెరిచి చూడాలి. అప్పుడు తెరుచుకుంటే, ఒక్కొక్కటే తిరిగి తగిలిస్తూ పోతే లోపం ఎక్కడున్నదో బయటపడుతుంది. ఆ పరికరం తయారీ సంస్థ ఇచ్చే కొత్త డ్రైవర్‌ను వేసుకుంటే చాలాసార్లు సమస్య తీరుతుంది.

ప్లగిన్ల వల్ల వచ్చే చిక్కు దీనికన్నా తరచైనది. 1996లో స్టైన్‌బర్గ్ సంస్థ వీఎస్‌టీ అనే పద్ధతిని ప్రవేశపెట్టిన తరువాత, ఒక సంస్థ చేసిన ప్లగిన్ మరొక సంస్థ ప్రోగ్రాములో పనిచేయడం మామూలైంది. దానితోపాటే, ఎవరో చేసిన ప్లగిన్‌లోని లోపం మొత్తం ప్రోగ్రామును కూల్చే వీలు కూడా ఏర్పడింది. లైసెన్సు లేకుండా పెన్‌డ్రైవుల్లో చేతులు మారి వచ్చిన ప్లగిన్లను ఈ సందర్భంలో మొదట అనుమానించడం న్యాయమే. ప్లగిన్లు ఉన్న ఫోల్డర్‌ను మరో చోటికి తరలించి ప్రోగ్రామును తెరిచి, అది తెరుచుకుంటే ప్లగిన్లలో సగాన్ని వెనక్కి తెచ్చి చూడాలి. మళ్లీ ఆగిపోతే దోషి ఆ సగంలో ఉన్నట్టు, లేకపోతే మిగిలిన సగంలో ఉన్నట్టు. ఈ విధంగా సగాలు చేస్తూ పోతే 64 ప్లగిన్లలో లోపమున్న ఒక్కదానిని ఆరు పరీక్షల్లో పట్టుకోవచ్చు.

ఏ సందేశమూ చూపకుండా ప్రోగ్రాము మాయమైపోయే సందర్భంలో ముందుగా టాస్క్ మేనేజర్‌ను తెరిచి, అంతకు ముందు తెరిచిన అదే ప్రోగ్రాము పూర్తిగా మూతపడకుండా వెనుక నడుస్తున్నదేమో చూడాలి. అదీ కాకపోతే విండోస్‌లోని ఈవెంట్ వ్యూయర్ సాయం చేస్తుంది. ఏ ప్రోగ్రాము కూలిపోయినా అందులోని అప్లికేషన్ చిట్టాలో సాధారణంగా 1000 సంఖ్యతో ఒక నమోదు జరుగుతుంది. కూలిపోయిన ప్రోగ్రాము పేరుతో పాటు, ఆ సమయంలో తప్పు జరిగిన ఫైలు పేరు కూడా అక్కడ ‘ఫాల్టింగ్ మాడ్యూల్’ అన్న మాట పక్కన ఉంటుంది. ఆ పేరు ఏదైనా ప్లగిన్‌దో, మైకు డ్రైవర్‌దో అయితే వెతుకులాట చాలావరకు ముగిసినట్టే. ప్రోగ్రాముల మరమ్మతు చేసేవారి దగ్గరకు ల్యాప్‌టాప్ తీసుకువెళ్లేటప్పుడు, పని చేయడం లేదని చెప్పడంతో సరిపెట్టక, ఆ పేరునూ, ఎర్రర్ సందేశాన్నీ ఉన్నది ఉన్నట్టు రాసుకుని చూపిస్తే వారి పని సులువవుతుంది.

వెతుకులాటకు వ్యవధి లేని రోజున, పాడేవారిని వెనక్కి పంపడం కన్నా ఫోన్‌లోని రికార్డర్‌ను వారి ముందు పెట్టడం వెయ్యి రెట్లు నయం, ఎందుకంటే కొంచెం గరగరతోనైనా పాట మిగులుతుంది, సాఫ్ట్‌వేర్ సంగతి తరువాత తీరిగ్గా చూసుకోవచ్చు. ప్రోగ్రాము బాగుపడిన రోజున సక్రమంగా పనిచేస్తున్న సెట్టింగుల ఫైలును ఒకచోట కాపీ చేసి ఉంచుకుంటే, మళ్లీ కరెంటు పోయి ఫైలు చెడిపోయినా దానిని పాత చోటికి చేర్చడానికి రెండు నిమిషాలకు మించి పట్టదు.