నవ్వులాటకే అన్నాను



మన రాత్రిబడిలో జరిగిన ఒక సంగతి చెబుతాను. ఇందులో నా తప్పు కూడా ఉంది. అది కూడా చెబుతాను.

ఆ రోజు ‘గ’ గుణింతం రాస్తున్నాం. ఒక అక్క పెళ్ళికి పోయి, అట్నుంచి అటే బడికి వచ్చింది. చేతుల నిండా గాజులు. అద్దాలు కుట్టిన కొత్త రవిక. ముందు వరుసలో కూచునే అక్క ఆమెను చూసి, “ఏందే, సుగాలి దాని మాదిరి తయారైనావు?” అన్నది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

వెనక గోడ పక్కన తండా నుంచి వచ్చే ఇద్దరు కూచుని ఉన్నారు. వాళ్ళు వదినా మరదళ్ళు. పెద్దావిడ తల పైకెత్తలేదు. చిన్నావిడ పలక మీద రాసిందంతా చేత్తో తుడిచేసింది. మర్నాడు ఇద్దరూ బడికి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. చిన్నావిడ పలక బడిలోనే ఉండిపోయింది.

మూడోరోజు నేను తండాకు పోయాను. మైలున్నర దూరం. పెద్దావిడ మంచం వాల్చింది. నీళ్ళు ఇచ్చింది. బడికి ఎందుకు రావడం లేదని అడిగాను. పని ఉందన్నది. కాసేపు ఆగి, “ఆ పొద్దు అందరూ నవ్విరి గదా” అన్నది. నేను ఏదో సర్దిచెప్పబోయాను. “నువ్వేమీ అనలేదులే టీచరమ్మా. నవ్వినావు, అంతే” అన్నది.

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

తర్వాత ఆమె మెల్లగా చెప్పింది. “మాకిది కొత్త కాదు. స్టోరు కాడ బియ్యానికి నిలబడితే ‘ఏయ్ సుగాలీ, జరుగు’ అంటారు. బస్సులో ‘ఏయ్ లంబాడీ, మూట తియ్’ అంటారు. నా పేరు మీ ఊర్లో ఒక్కరికీ తెలీదు. నా బిడ్డ హాస్టల్లో చదువుతాది. మొన్న సెలవులకు వచ్చి, ‘అమ్మా, నన్ను చూడను వచ్చేటప్పుడు ఈ గాజులు, ఈ పావడా వేసుకోవద్దు. చీర కట్టుకుని రా’ అన్నది. చీర కట్టుకునే పోయినాను.”

ఇంటికొచ్చి హాజరు పట్టీ తీసి చూసుకున్నాను. మిగతా అందరి పేర్లూ రాసి ఉన్నాయి. చివర మాత్రం ‘తండా ఆడవాళ్ళు - 2’ అని ఉంది. అది నా చేతిరాతే. రెండు నెలలుగా అట్లాగే రాస్తున్నాను.

ఆ రాత్రి బడిలో ఈ సంగతంతా చెప్పాను. ముందు వరుస అక్కకు కోపం వచ్చింది. “నేను నవ్వులాటకే అన్నాను. సుగాలోళ్ళను సుగాలి అనక ఏమంటారు? అది వాళ్ళ పేరే గదా! సర్కారు కాయితంలో కూడా అదే ఉంటాది” అన్నది.

ఈ అక్క చెడ్డ మనిషి కాదు. పనికి పోయిన చోట తన సద్దిలోంచి తండా పిల్లలకు పెట్టడం నేను చూశాను. అందుకే ఆమె అడిగిన దానికి సరైన జవాబు చెప్పాలనుకున్నాను.

ఆమె చెప్పింది సగం నిజం. సుగాలి అనేది ఒక తెగ పేరు. షెడ్యూల్డు తెగల జాబితాలో సుగాలీలు, లంబాడీలు, బంజారాలు అని రాసి ఉంది. రైళ్ళు, రోడ్లు లేని కాలంలో ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దేశమంతా తిరిగి అమ్మినవాళ్ళు వీళ్ళే. రైలు వచ్చాక ఆ బేరం పోయింది. తండాలు కట్టుకుని నిలిచిపోయారు. వాళ్ళు దేవుడిగా కొలిచే సేవాలాల్ మహారాజ్ మన గుత్తి దగ్గర 1739లో పుట్టాడని చెబుతారు. వాళ్ళ భాష గోర్‌బోలి. తమను తాము ‘గోర్’ అని చెప్పుకుంటారు.

పేరులో తప్పు లేదు. మరి తప్పు ఎక్కడుంది? ‘దాని మాదిరి’ అన్న మాటలో ఉంది. అక్క ఆ మాట అన్నది తండా ఆమెను కాదు. మన ఊరి ఆమెనే. అంటే అక్కడ ‘సుగాలి’ అన్నది మనిషి పేరు కాలేదు. సింగారం తెలియనిది, చూస్తే నవ్వొచ్చేది అనే అర్థానికి ఆ పేరును వాడుకున్నాం. ఒక మందిని మొత్తంగా తీసుకుని ఒక వెక్కిరింత చేశాం. ఆ మందిలో ఇద్దరు మన వెనకే కూచుని ‘గ’ రాస్తున్నారు.

అప్పుడు ఇంకో అక్క అందుకుంది. “నీ కొడుకును మద్రాసులో ఏమంటారో చెప్పవే” అన్నది.

ముందు వరుస అక్క కొడుకు చెన్నైలో ఒక హోటల్లో పని చేస్తాడు. అక్కడ కొందరు తెలుగువాళ్ళను ‘గొల్టి’ అని వెక్కిరిస్తారు. మొదట్లో ఆ పిల్లాడు కూడా నవ్వి ఊరుకునేవాడు. ఒకరోజు వాళ్ళుండే గదిలో ఎవరిదో డబ్బు పోయింది. “ముందు ఆ గొల్టి వాడి పెట్టె చూడండి” అన్నారట. డబ్బు వేరే చోట దొరికింది. కానీ పెట్టె మాత్రం ముందు ఈ పిల్లాడిదే తెరిచారు. ఆ సంగతి ఈ అక్కే మాకు పోయిన ఏడాది ఏడుస్తూ చెప్పింది.

నిన్నటిదాకా నవ్వులాటగా ఉన్న పేరే అవసరం వచ్చిన రోజు అనుమానంగా మారింది. ఇది నన్ను చాలాసేపు ఆలోచింపజేసింది.

మన తెలుగువాళ్ళకు పరాయి చోట పేర్లు పడడం ఇప్పటిది కాదు. కాకినాడ దగ్గర కోరంగి అనే ఊరుంది. వెనకటికి అది పెద్ద ఓడరేవు. ఆ తీరం నుంచి మనవాళ్ళు వేలమంది బర్మాకు కూలిపనికి పోయారు. రంగూన్ రేవులో మూటలు మోశారు. అక్కడ వాళ్ళను ‘కోరంగి’ అన్నారు. ఊరి పేరులో తిట్టు ఏముంది? ఏమీ లేదు. కానీ ఏ జిల్లా వాడైనా, ఏ ఇంటి వాడైనా అందరికీ అదే పేరు. మూటలు మోసేవాడని, తక్కువవాడని దాని అర్థం. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. యజమానులు వాళ్ళ బదులు బర్మా వాళ్ళను పనిలో పెట్టుకున్నారు. సమ్మె ముగిశాక ఆ బర్మా వాళ్ళను పొమ్మన్నారు. దాంతో పెద్ద గొడవ జరిగింది. మన కూలీలు చాలామంది చచ్చిపోయారు. ఆ గొడవ పేరు వల్ల పుట్టింది కాదు, పని దగ్గర పుట్టింది. కానీ కొట్టేటప్పుడు ఎవరూ ఒక్కొక్కడి పేరు అడగలేదు. కోరంగి అయితే చాలు.

దక్షిణాఫ్రికాకు 1860 నుంచి చెరకు తోటల్లో పనికి మనవాళ్ళను ఓడల్లో తీసుకుపోయారు. అక్కడి తెల్లవాళ్ళు మన దేశం వాళ్ళందరినీ ‘కూలీ’ అన్నారు. 1893లో గాంధీగారు అక్కడికి పోతే ఆయన్ను ‘కూలీ బారిస్టరు’ అన్నారు. మనకు కూలి అంటే కష్టపడి తెచ్చుకున్న డబ్బు. అందులో సిగ్గు లేదు. వాళ్ళ నోట్లో మాత్రం ఆ మాటే తిట్టయింది.

మాట ఎక్కడ పుట్టిందో చూస్తే సరిపోదు. ఎవరు, ఎవరిని, ఎట్లా అంటున్నారో చూడాలి.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ దండోరా మొదలైంది. అప్పటినుంచి చాలామంది తమ పేరు చివర ‘మాదిగ’ అని తామే పెట్టుకున్నారు. తరతరాలుగా తిట్టుగా విన్న మాటను వాళ్ళు తలెత్తుకుని రాసుకున్నారు. “వాళ్ళు పెట్టుకుంటే లేని తప్పు మేమంటే వచ్చిందా?” అని కొందరు అడుగుతారు. వచ్చింది. నా బిడ్డను నేను ‘పిచ్చిదానా’ అనడం వేరు. దారిన పోయేవాడు అనడం వేరు.

ఎరుకల వాళ్ళ సంగతి ఇంకా బాధ కలిగిస్తుంది. ఎరుక అంటే తెలివి, తెలుసుకోవడం. ఆ ఆడవాళ్ళు ఎరుక చెప్పేవాళ్ళు. అందుకే ఆ పేరు వచ్చిందంటారు. కానీ తెల్లదొరలు 1871లో ఒక చట్టం తెచ్చారు. కొన్ని జాతులను పుట్టుకతోనే నేరస్థులన్నారు. 1911లో ఆ చట్టం మన మద్రాసు రాజ్యానికీ వచ్చింది. ఎరుకల వాళ్ళ వేలిముద్రలు తీసుకున్నారు. పోలీసు ముందు హాజరు వేయించుకోవాలన్నారు. ఊరు దాటాలంటే అనుమతి కావాలన్నారు. బాపట్ల దగ్గరి స్టువార్టుపురం అట్లా వాళ్ళను తెచ్చి ఉంచిన ఊరే. ఆ చట్టం మద్రాసు రాజ్యంలో 1947లో, దేశమంతా 1952లో పోయింది. చట్టం పోయినా ఆ మచ్చ పోలేదు. కోడి కనబడకపోతే ఇవాళ కూడా మన నోట ముందు ఎవరి పేరు వస్తుందో మీకు తెలుసు.

మరి మనం అసలు నవ్వుకోకూడదా అని ఒక అక్క అడిగింది. అట్లా ఎవరన్నారు? బావా మరదళ్ళు ఆడుకోరా? వియ్యపురాళ్ళు ఒకరినొకరు దెప్పుకోరా? అక్కడ ఒక మాట అంటే రెండు మాటలు తిరిగి వస్తాయి. ఇద్దరూ నవ్వుతారు. తండా ఆమె స్టోరు లైనులో తిరిగి అనగలదా? అంటే ఆ రోజు బియ్యం దొరుకుతాయా?

తండాలో ఆ పెద్దావిడ నాకొక మాట చెప్పి తానే నవ్వింది. వాళ్ళు మనందరినీ ‘కోర్’ అంటారట. బయటివాళ్ళని అర్థం. నాకూ నవ్వొచ్చింది. మన మీదా వాళ్ళకు ఒక పేరు ఉంది మరి! కానీ ఆ పేరు వల్ల నాకు బస్సులో సీటు పోలేదు. దాన్ని విని నేను నా చీర మార్చుకోలేదు.

చట్టం సంగతి కూడా తెలుసుకోవాలి. షెడ్యూల్డు కులాలు, తెగల మీద అత్యాచారాలను అరికట్టే చట్టం 1989లో వచ్చింది. 1990 జనవరి 30 నుంచి అమల్లో ఉంది. ఆ కులాలకు, తెగలకు చెందనివాళ్ళు వాళ్ళను అవమానించాలని నలుగురి ఎదుట కులం పేరుతో తిడితే నేరం. ఆరు నెలల నుంచి అయిదేళ్ళ దాకా జైలు, జరిమానా పడవచ్చు. 2008లో ఢిల్లీ కేసు ఒకటి సుప్రీంకోర్టుకు వచ్చింది. ఒక మనిషిని ‘చమార్’ అన్నారు. అది తోలుపని చేసే కులం పేరు. అయినా కోర్టు, ఆ మాటకు పాత అర్థం ఏమిటని కాదు, ఇవాళ జనం దాన్ని ఏ అర్థంలో వాడుతున్నారో చూడాలని చెప్పింది. మన అక్క అడిగిన ‘అది వాళ్ళ పేరే గదా’ అన్నదానికి అక్కడ జవాబుంది.

ఈశాన్య రాష్ట్రాల వాళ్ళను వాళ్ళ కళ్ళను చూసి ‘చింకీ’ అంటారు. 2014 జనవరిలో అరుణాచల్ ప్రదేశ్ కుర్రాడు నీడో తానియా ఢిల్లీలో ఒక దుకాణం దగ్గర దారి అడగబోయాడు. అక్కడివాళ్ళు అతని జుట్టును చూసి వెక్కిరించారు. మాటామాటా పెరిగింది. కొట్టారు. మర్నాడు చచ్చిపోయాడు. అతనిది చిన్న వయసు. అది కూడా ఒక నవ్వుతోనే మొదలైంది.

చట్టం ఉందని నేను అక్కను భయపెట్టలేదు. ఆమె తలకాయ వంచుకుని పలక మీద గీతలు గీస్తూ కూచుంది. క్షమించమని ఎవరినీ అడగలేదు. కానీ వారం తర్వాత జొన్నచేలో కలుపు తీసేటప్పుడు తండా పెద్దావిడ పక్కన నడుస్తూ, “నీ పేరేంది?” అని అడిగిందట. పెద్దావిడే వచ్చి నాకు చెప్పింది.

పెద్దావిడ మళ్ళీ బడికి వస్తోంది. హాజరు పట్టీలో ఇద్దరి పేర్లూ రాశాను. తన పేరు ఎక్కడుందో చూపించమంటే చూపించాను. వేలు పెట్టి రెండుసార్లు చదువుకుంది.

చిన్నావిడ ఇంకా రాలేదు. ఆమె పలక నా దగ్గరే ఉంది. ఈ ఆదివారం తీసుకుని పోతాను. ముందు వరుస అక్క తానూ వస్తానంటోంది.