అలీసాగరపు జింకలు

శకుంతల అత్తవారింటికి బయలుదేరునప్పుడు ఆమె చెంగును వెనుకనుండి పట్టి లాగినది ఒక లేడిపిల్ల. దర్భమొన గ్రుచ్చుకొని దాని నోరు గాయపడినప్పుడు ఆమె ఇంగుదీతైలము రాచినది. శ్యామాకధాన్యము పిడికిళ్లతో పెట్టి పెంచినది. అభిజ్ఞానశాకుంతలమునందలి ఈ ఘట్టము చదివి కంట తడిపెట్టనివారు అరుదు. ఆ కన్నీటి మాటున ఒక చిన్న సంగతి మరుగుపడుచుండును: ఆ లేడికి ఏమి తినిపించవలెనో శకుంతలకు తెలియును.

ఆశ్రమములో తోటయు మృగములును కలిసియే యుండెడివి. నగరములు పెరిగిన పిదప ఆ పొత్తును మనుష్యుడు కంచె వేసి నిలుపుకొనినాడు. హైదరాబాదులో నాంపల్లి చెంతనున్న బాగెఆం అట్టిదే. ‘బాగ్’ అనగా తోట. ‘ఆం’ అనగా జనసామాన్యము. 1846లో ఏర్పడిన ఈ తోటలోనే చిరకాలము జంతుప్రదర్శనశాలయు నుండెను. ఇందూరు, బోధను ప్రాంతములనుండి మీటరుగేజి రైలులో నగరమునకు పోయిన బాలురు పూలమడులను, బోనులలోని జంతువులను ఒక్కచోటనే చూచి వచ్చెడివారు.

అయితే మనుష్యుని విహారమునకు చాలిన తోట మృగమునకు చాలదు. 1959లో మీరాలం చెరువు చెంత సుమారు 380 ఎకరములలో నెహ్రూ జంతుప్రదర్శనశాల స్థాపితమై, 1963 అక్టోబరు 6న ప్రజలకు ప్రవేశము కల్పించినది. పాత తోటలోని జంతువులు అక్కడికి తరలినవి. ఇనుపకడ్డీలకు బదులు కందకములతో వేరుచేసిన విశాలమైన ఆవరణములు అక్కడి ప్రత్యేకత. 1907లో జర్మనీయందు హాంబర్గు దగ్గర కార్ల్ హాగెన్‌బెక్ చూపిన మార్గమిది. కడ్డీలు తొలగినంతనే చూపరి కంటికి ఖైదీ పోయి ప్రాణి కనబడును.

ఇందూరు జిల్లా బాలబాలికలకు అంత దూరము పోకయే ఇట్టి పాఠము చెప్పగల చోటు అలీసాగరము. నిజామాబాదునకు సుమారు పదుమూడు కిలోమీటర్ల దూరమున, ఎడపల్లి మండలములో నున్నదీ జలాశయము. మంజీరపై 1923–31 నడుమ నిర్మించిన నిజాంసాగరపు కాలువనీరు ఇందు నిలుచును. నీటి చెంత ఉద్యానము, గుట్టపై అతిథిగృహము, కంచెలోపల జింకలు. నిజాంసాగరపు నీటి బలముననే ఈ సీమలో చెరకు విస్తరించినది. బోధను శక్కర్‌నగరులో 1937లో చక్కెర కర్మాగారము వెలసినది. 2015 డిసెంబరులో అది మూతపడినది. పొలము పెరిగినకొలది అడవి తరుగుట లోకసహజము. అందుచేతనే ఈనాటి పిల్లవాడు జింకను మొదటిసారి చూచునది కంచె సందులనుండియే.

కంచె కనబడగానే పిల్లల చేయి బిస్కత్తు పొట్లము మీదికి పోవును. అది ప్రేమయే, కాని తెలియని ప్రేమ. జింక నెమరువేయు జంతువు. నాలుగు అరల దాని కడుపు గడ్డికి, ఆకునకు ఏర్పడినది. రొట్టెయు పిండివంటలును ఎక్కువగా పడినచో అవి లోపల పులిసి ప్రాణము మీదికి తెచ్చును. ప్లాస్టిక్ సంచి మ్రింగినచో అది అరుగదు.

మేత తెలియనట్లే పేరును మనకు తెలియకున్నది. తెలంగాణము 2014లో ‘జింక’ను రాష్ట్రజంతువుగా ప్రకటించినది, అది చుక్కల దుప్పి. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రజంతువు కృష్ణజింక. పేరులో రెండును జింకలే, జాతులు వేరు. దుప్పి కొమ్ములు కొమ్మలుగా చీలి, రాలి, మరల మొలచును. కృష్ణజింక కొమ్ములు మెలితిరిగియుండును; చీలవు, ఏటేట రాలవు. దుప్పి, కణుజు, ఇర్రి అని మన పెద్దలు వేర్వేరుగా పిలిచిరి. అడవిని ఎరిగినవారి భాష అది. అడవి దూరమైనకొలది ఆ మాటలన్నియు ‘జింక’ యను ఒక్క మాటలో కలిసిపోవుచున్నవి.

కనుక విహారయాత్రకు బయలుదేరు ఉపాధ్యాయుడు ఫలహారపు మూటతోపాటు ఒక చిన్న పనిని కూడ విద్యార్థులకు అప్పగించుట మేలు. కంచె యెదుట పావుగంట మాటలాడక నిలువవలెను. చెవి ఎటు తిరిగినది, కొమ్ము చీలినదా లేదా, దవడ ఎట్లు కదలుచున్నది, ఏ ఆకును ముట్టక విడిచినది — ఇవి వ్రాసికొనవలెను. సాయంకాలమునకు బిస్కత్తు పొట్లము జేబులోనే మిగిలినచో ఆ యాత్ర సఫలమయినట్లే.

శకుంతల చెంగును లేడిపిల్ల పట్టి లాగినది, ఆమె దానికి మేత పెట్టినందుకు మాత్రమే కాదు. దాని మేత యేదో తెలిసి పెట్టినందుకు.